లగ్గం బస్తాకు (పెళ్లి బట్టలు, సామాను కొనడానికి) హైదరాబాద్ పోతున్నాం: చార్మినార్ గల్లీలా, మాల్సా?

ధర్మాబాద్_మిర్చి

అందరికీ నమస్తే. చెల్లి లగ్గం మాఘంలో ఖాయమైంది. అబ్బాయి వాళ్లది బిలోలి. బస్తా నాందేడ్‌లోనే కట్టేద్దామని నాన్న అంటున్నారు, హైదరాబాద్ పోవాల్సిందేనని ఇంట్లో ఆడవాళ్లందరూ. ఇక చెప్పేదేముంది, టికెట్లు చూస్తున్నాను.

కొనాల్సినవి: అమ్మాయికి పట్టుచీరలు, బంధువులకు పెట్టుబడి చీరలు ఓ అరవై, గాజులు, ఒక ముత్యాల సెట్టు, ఇత్తడి సామాను, అబ్బాయి బట్టలు, ఇంట్లో పిల్లలకు రెడీమేడ్. చేతిలో ఉన్నది రెండు రోజులు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. చార్మినార్ అని ఒకరు, కూకట్‌పల్లి అని ఒకరు, కొండాపూర్‌లో పెద్ద మాల్ అని ఇంకొకరు చెబుతున్నారు. మన మహారాష్ట్ర వైపు నుంచి పోయి కొన్నవాళ్లు ఏది ఎక్కడ కొనాలో చెప్పండి. ఊరు చూడటానికి పోవట్లేదు, అది గుర్తుపెట్టుకోండి.

నాందేడ్_వదిన

మోకాళ్ల సంగతి రాశావు చూడు తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. మాల్‌కు పోండి. లిఫ్ట్ ఉంటుంది, కూర్చోవడానికి చోటుంటుంది, శుభ్రమైన బాత్రూమ్ ఉంటుంది. పాతబస్తీలో గాజులు బేరమాడుతూ ఉన్నప్పుడు పెద్దావిడకు బాత్రూమ్ అవసరమైతే ఎక్కడికి తీసుకుపోతావు? మగవాళ్లు ఈ ముక్క ఒక్కరూ రాయరు, అందుకే ముందు నేనే రాస్తున్నా.

బల్లార్షా_జంక్షన్

వదినగారి మాట కొట్టిపారేసేది కాదు. కానీ అరవై పెట్టుబడి చీరలు మాల్‌లో కొంటే వాళ్ల నాన్నగారికి మోకాళ్లతో పాటు ఇంకేదో నొప్పి మొదలవుతుంది.

నేను చెప్పేది ఒకటే. ఏరియా పేరు పట్టుకుని బయల్దేరొద్దు, సరుకు పట్టుకుని బయల్దేరండి. పాత హైదరాబాద్ బజార్లు సరుకును బట్టి ఏర్పడినవి. ఒక్కో గల్లీకి ఒక్కో వ్యాపారం. అందుకే ఒక్క దుకాణంలో ధర నచ్చకపోతే పక్క పది దుకాణాల్లో అదే సరుకు ఉంటుంది, బేరం దానంతట అదే తెగుతుంది.

ఉత్తరం నుంచి దక్షిణానికి మనసులో ఒక గీత గీసుకోండి. పైన కోఠి, సుల్తాన్‌బజార్. కిందికి వస్తే అఫ్జల్‌గంజ్, దానికి పడమర బేగంబజార్. మూసీ మీద నయాపుల్ దాటితే మదీనా చౌరస్తా, అక్కడి నుంచి పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్, చివర చార్మినార్. చార్మినార్ నుంచి పడమరకు లాడ్ బజార్. మీ చిట్టాలో ముప్పాతిక వంతు ఈ గీత మీదే దొరుకుతుంది.

పెట్టుబడి చీరలకు మదీనా వెనక రికాబ్‌గంజ్, ఘాన్సీబజార్ గల్లీలు. అక్కడ బట్ట హోల్‌సేల్. ఒకే డిజైన్ వేర్వేరు రంగుల్లో సెట్టుగా కట్టి ఉంటుంది, సెట్టు మొత్తం తీసుకుంటేనే ఆ ధర. విడిగా ఒకటి లాగి ఇమ్మంటే కొందరు ఇవ్వరు, ఇచ్చినా రేటు వేరు. మీకు అరవై కావాలి కాబట్టి దర్జాగా సెట్లే అడగండి. వదినకో రంగు, మరదలికో రంగు అని పేచీలు కూడా అక్కడే తీరిపోతాయి.

పత్తర్‌గట్టిలో రోడ్డుకు రెండు వైపులా రాతి కమానుల వరుస ఉంటుంది. 1908లో మూసీ వరద ఊరిని తుడిచిపెట్టాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి నగరాన్ని మళ్లీ కట్టుకొచ్చినప్పుడు వచ్చిన బజారు అది. నడిచేవాళ్లకు నీడ ఉండేలా కట్టారు. అమ్మగారిని ఆ కమానుల కింద ఏదైనా బట్టల షాపులో కూర్చోబెట్టి మీరు గల్లీలు తిరిగి రావచ్చు. నాలుగు చీరలు చూస్తామంటే చాలు, పరుపు మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పిస్తారు.

ప్రాణహిత_ఒడ్డు

సిరొంచ నుంచి నమస్కారం. గాజుల గురించి నేను చెబుతాను, మిగతాది అన్నలు చెబుతారు.

లాడ్ బజార్‌లో లక్క గాజులు కొనేటప్పుడు ముందు వరసలో మెరిసే షాపు చూసి ఆగిపోకండి. కొంచెం లోపలికి నడిస్తే గాజు తయారయ్యే చోట్లు కనిపిస్తాయి. చిన్న బొగ్గుల కుంపటి, దాని మీద లక్క మెత్తబడుతూ ఉంటుంది. దాన్ని కడ్డీలా సాగదీసి, గుండ్రంగా చుట్టి, కొలతకు తెచ్చి, వేడి ఉండగానే సన్న చిమటాతో ఒక్కో రాయి అద్దుతారు. చల్లారితే రాయి కూర్చోదు, అందుకే ఆ చెయ్యి ఆగదు. మీ చీర ముక్క ఒకటి చూపిస్తే ఆ రంగుకు తగ్గట్టు చేసి ఇస్తారు, సాయంత్రానికో మర్నాటికో. అంటే గాజులు మొదటి రోజే ఆర్డర్ ఇవ్వాలి, అప్పటికే చీర చేతిలో ఉండాలి. ఈ వరస తప్పితే ప్లాన్ మొత్తం తప్పుతుంది.

సైజు రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అని చెబుతారు. పెళ్లికూతురు రాకపోతే ఆమె రోజూ వేసుకునే గాజు ఒకటి తీసుకుపోండి. రాళ్లను గోటితో తట్టి చూడండి, కదిలితే పక్కన పెట్టేయండి. మన ఎండల్లో లక్క గాజుల డబ్బా కారులో వదిలేయకూడదు, మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. చంద్రపూర్, గడ్చిరోలి వాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నా.

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. అప్పటి నుంచి ప్రతి షాపువాడూ అదే చెబుతున్నాడు, వాడి దగ్గరున్నది ప్లాస్టిక్ అయినా సరే. లక్క గాజు చేతికి కాస్త బరువుగా తెలుస్తుంది. రెండూ పక్కపక్కన పట్టుకుని చూస్తే మోసపోరు.

గోల్‌బజార్_చంద్రపూర్

నేను బట్టల వ్యాపారంలో ఉన్నవాడిని, కాబట్టి నా మాటలో స్వార్థం ఉందనుకున్నా పర్వాలేదు. మనవాళ్లు ఇంట్లో ఆరుగురు కలిసి హైదరాబాద్ పోతారు. రైలు, లాడ్జి, ఆటోలు, తిండి అన్నీ కలిపి చూస్తే చీరకు వంద మిగిలిందన్న సంతోషం ఎక్కడ పోయిందో తెలియదు. మేము కూడా ఆ మదీనా గల్లీల నుంచే తెస్తాం. ఒక రవికె ముక్క తేడా వస్తే మా దగ్గరైతే మర్నాడు మార్చుకుంటారు.

ఇంకో మాట. చంద్రపూర్, రాజురా, బల్లార్షా వాళ్లకు నాగపూర్ దగ్గర. ఇత్వారీ, గాంధీబాగ్‌లలో హోల్‌సేల్ బట్ట, సీతాబర్డీలో రెడీమేడ్, అన్నీ ఉన్నాయి. పైఠణీ కావాలంటే అటే పోవాలి. అందరూ హైదరాబాద్ మీద పడిపోవడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

బల్లార్షా_జంక్షన్

సేఠ్‌గారూ, ఐదారు చీరలకైతే మీ మాటే రైటు. ఆ మాత్రానికి ఎవరూ రైలెక్కొద్దు. కానీ అరవై చీరలు, ఇత్తడి, ముత్యాలు, గాజులు ఒకేసారి కావాలన్నప్పుడు లెక్క మారిపోతుంది. పైగా ధర్మాబాద్ వాళ్లకు నాగపూర్ ఎక్కడ, హైదరాబాద్ ఎక్కడ! నిజామాబాద్ మీదుగా నేరుగా రైలుంది వాళ్లకు.

గద్వాల్, నారాయణపేట, పోచంపల్లి చేనేతకు మాత్రం తెలంగాణ వైపే రావాలి. నారాయణపేట చీర మన మరాఠీ ఇళ్లలో కూడా ఇష్టంగా కడతారు, వియ్యాలవారికి పెట్టడానికి మంచి ఎంపిక.

ధర్మాబాద్_మిర్చి

చాలా థాంక్స్. నాన్నకు సేఠ్‌గారి పోస్టు చదివి వినిపించా, ఇప్పుడు ఆయన బలం పెరిగింది 😄

రెండు సందేహాలు. ఒకటి, ఎక్కడ దిగాలి, ఎక్కడ ఉండాలి? రెండు, అమ్మమ్మకు తొమ్మిది గజాల చీర కావాలి, అది కూడా అక్కడే దొరుకుతుందా?

రాజురా_తమ్ముడు

నేను కూకట్‌పల్లి హాస్టల్‌లో ఉంటాను అన్నా. తిరగడం గురించి చెబుతా.

నాందేడ్ వైపు బండ్లలో కాచిగూడ ఆగేది దొరికితే అదే పట్టుకోండి, కోఠి దగ్గర. బల్లార్షా వైపు నుంచి వచ్చేవాళ్లు సికింద్రాబాద్‌లో దిగుతారు. కొన్ని బండ్లను చర్లపల్లి టెర్మినల్‌కు మార్చారు కాబట్టి టికెట్ మీద ఏ స్టేషనో చూసుకోండి. అర్ధరాత్రి చర్లపల్లిలో దిగి చార్మినార్‌కు ఆటో అడిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఉండటానికి కోఠి, అబిడ్స్, నాంపల్లి, కాచిగూడలో ఎక్కడైనా సరే. మెట్రో ఎర్ర లైను ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఎల్‌బీ నగర్ నుంచి మియాపూర్ దాకా. దిల్‌సుఖ్‌నగర్, ఎంజీబీఎస్, కోఠి (స్టేషన్ పేరు ఉస్మానియా మెడికల్ కాలేజ్), నాంపల్లి, పంజాగుట్ట, అమీర్‌పేట, కూకట్‌పల్లి, కేపీహెచ్‌బీ, అన్నీ దాని మీదే ఉన్నాయి. అంటే పెద్ద పెద్ద బట్టల షాపులు ఉన్న దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట, కూకట్‌పల్లి మూడూ ఒకే రైలు. సికింద్రాబాద్‌లో దిగినవాళ్లకు ఆకుపచ్చ లైను ఉంది: సికింద్రాబాద్ వెస్ట్‌లో ఎక్కితే సుల్తాన్‌బజార్, ఎంజీబీఎస్. చార్మినార్ దాకా మెట్రో లేదు. ఎంజీబీఎస్‌లో దిగి ఆటో. స్టేషన్లలో లిఫ్టులు ఉంటాయి, అమ్మగారికి ఇబ్బంది ఉండదు.

చార్మినార్ చుట్టూ బండ్లు రానివ్వరు, నడకే. ఆటోవాణ్ని మదీనా దగ్గర ఆపమనండి. అక్కడి నుంచి కమానుల కింద కొంటూ కొంటూ పోతే నడిచినట్టు ఉండదు.

మాల్స్ సంగతి. కొండాపూర్‌లో శరత్ సిటీ చాలా పెద్దది. పిల్లలు ఉంటే అక్కడ రోజంతా గడిచిపోతుంది, కానీ మీ రెండు రోజుల్లో ఒకటి పోయినట్టే. మాదాపూర్‌లో ఇనార్బిట్, బంజారాహిల్స్‌లో జీవీకే వన్ ఉన్నాయి, రెండూ మీకు పక్కదారి. కేపీహెచ్‌బీ దగ్గర లులు మాల్, అదే వైపు నెక్సస్, ఇవి ఎర్ర లైను మీదుగా వస్తాయి. పిల్లల రెడీమేడ్, బూట్లు, అబ్బాయికి రిసెప్షన్ సూట్ ఒక సాయంత్రంలో ముగించాలంటే ఇవే నయం. శని, ఆదివారాల్లో మాత్రం వద్దు, ట్రయల్ రూమ్ దగ్గర క్యూ చూస్తే టెన్షన్ వస్తుంది. వారం మధ్యలో తెరిచిన వెంటనే పోతే ప్రశాంతంగా ఉంటుంది. జనవరిలో అయితే చలికాలం సేల్ కూడా ఉంటుంది.

నాందేడ్_వదిన

చూశారా, చివరికి అందరూ మాల్‌కే వస్తున్నారు.

నాకు పాతబజారు మీద కోపం లేదు. ఒకసారి పెద్ద హోల్‌సేల్ షాపులో పెట్టుబడి చీరలు తీసుకున్నాం. ఇంటికొచ్చి విప్పితే రెండింటికి కొంగు దగ్గర నేత పోయి ఉంది. ఫోన్ చేస్తే "తీసుకొస్తే చూద్దాం" అన్నారు. నాందేడ్ నుంచి రెండు చీరలు పట్టుకుని మళ్లీ రైలెక్కుతామా? షాపు పేరు రాయను. తెలుసుకోవాల్సింది ఏమిటంటే, మార్పిడి ఉందో లేదో, ఎన్ని రోజులో డబ్బు ఇవ్వకముందే అడగాలి, బిల్లు మీద రాయించుకోవాలి. మాల్‌లో బిల్లు ఉంటే గొడవ పడక్కర్లేదు, అదే తేడా.

తొమ్మిది గజాల చీర అడిగావు కదా. హైదరాబాద్‌లో వెతుకుతూ కాళ్లు అరగదీసుకోకు. మన నాందేడ్‌లో నౌవారీ ఎన్ని రకాలు కావాలంటే అన్ని రకాలు ఉన్నాయి.

దెగ్లూర్_దర్జీ

నేను మిషన్ మీద కూర్చునేవాణ్ని. కొనేవాళ్లు మరిచిపోయి, చివరికి నా ప్రాణం తీసే విషయాలు చెబుతాను.

రవికె ముక్క కలిసి ఉన్న చీర ఆరు మీటర్ల ముప్పై ఉండాలి. చవక సెట్లలో పొడవు కొట్టేస్తారు. అప్పుడు కుచ్చిళ్లు రావు, రవికెకు చేతులు రావు. సెట్టులో ఒక్క చీర విప్పించి కొలిపించండి. "అన్నీ ఒకటే కొలత సార్" అంటారు, అయినా కొలిపించండి. ఆ షాపుల్లో టేప్ ఉండదా ఏంటి!

పట్టుచీర అయితే సిల్క్ మార్క్ లేబుల్ చూడండి. హోలోగ్రామ్ ఉంటుంది, నంబరు ఉంటుంది. లేబుల్ లేకుండా "ప్యూర్ ప్యూర్" అంటే దాని ధర ప్యూర్ ధర కాకూడదు. జరీ సంగతి తిన్నగా అడగండి, అసలు వెండి జరీనా, టెస్టెడ్ జరీనా అని. మంచి షాపువాడు దాచకుండా చెబుతాడు.

ఫాల్, లైనింగ్ గుడ్డ, మగ్గం వర్క్ చేసిన రవికె ముక్కలు, లేసులు, కుచ్చులు, ఇవన్నీ సుల్తాన్‌బజార్, కోఠి వైపు తీసుకోండి. రంగుకు రంగు సరిపోయేదాకా చూపించే ఓపిక ఆ చిన్న షాపులవాళ్లకే ఉంటుంది. లైనింగ్ మాత్రం కాటన్‌దే తీసుకుని, నాకు ఇచ్చేముందు ఒకసారి తడిపి ఆరేయండి. ముడుచుకునే గుడ్డ పెళ్లయ్యాక ముడుచుకుంటే తిట్లు దర్జీకే పడతాయి.

రెండు రోజుల్లో కుట్టించుకుని తెచ్చుకుందాం అనుకోవద్దు. గుడ్డ కొనుక్కుని రండి, కుట్టు మన ఊళ్లోనే.

గోల్‌బజార్_చంద్రపూర్

దర్జీగారు చెప్పిన కొలత సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. మా దుకాణంలోనూ ఇదే పరీక్ష పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు.

ధర్మాబాద్_మిర్చి

దర్జీ అన్నా, మీ పోస్టు ప్రింట్ తీసి అమ్మ సంచిలో పెట్టేశా.

ఇక ముత్యాలు, బంగారం. పుస్తెల తాడు, నల్లపూసలు మా అవుసుల ఆయనే చేస్తాడు. ముత్యాల సెట్టు మాత్రం హైదరాబాద్‌లోనే కావాలని చెల్లి పట్టు. నగదు తీసుకుపోవాలా, ఫోన్ పే చాలా?

బల్లార్షా_జంక్షన్

ముత్యాలకు పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్ చుట్టుపక్కల. ఒకప్పుడు బస్రా ముత్యాలు వచ్చేవి. ఇప్పుడు మీరు చూసేది ఎక్కువగా చైనా నుంచి వచ్చిన మంచినీటి పెంపకం ముత్యం. రంధ్రం వేయడం, పాలిష్, ఏరడం, కూర్చడం ఇక్కడి చేతిపని. కాబట్టి ఎవరైనా బస్రా అని చెప్పి రేటు పెంచితే నవ్వి లేచిపోండి.

రెండు ముత్యాలను ఒకదానితో ఒకటి మెల్లగా రుద్దితే సన్నని గరుకు తెలుస్తుంది. గాజుపూస అయితే జారిపోతుంది. రంధ్రం దగ్గర పైపూత పెచ్చులా లేస్తుంటే అది నకిలీ. తెలుపు మరీ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నా అనుమానించండి. దండ కూర్చేటప్పుడు ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేయమనండి. తెగినా ఒక్కటే రాలుతుంది, పెళ్లి పందిట్లో అందరూ నేల మీద వెతుక్కునే పని ఉండదు. చాలా షాపుల్లో మీ ముందే కూర్చి ఇస్తారు, అమ్మగారు కూర్చోవడానికి అది మంచి సమయం.

వెండి మెట్టెలు, పట్టీలు, కుంకుమ భరిణె కూడా గుల్జార్ హౌజ్ దగ్గరే. బంగారం ఏదైనా కొంటే హాల్‌మార్క్‌తో పాటు అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ కోడ్ ఉండాలి, 2023 ఏప్రిల్ నుంచి అది లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొట్టి చూసుకోవచ్చు. గ్రాము రేటు అందరి దగ్గరా దాదాపు ఒకటే, తేడా అంతా తరుగు, మజూరిలో. బేరం అక్కడ ఆడండి. ఈ మొత్తం మీద 3 శాతం జీఎస్టీ పడుతుంది, దాన్ని ముందే కలిపి చెప్పమనండి.

నగదు విషయం మన సరిహద్దు వాళ్లు గమనించాలి. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో చెక్‌పోస్టుల దగ్గర 50,000 దాటిన నగదుకు కాగితాలు అడుగుతారు. మహారాష్ట్రలోనో తెలంగాణలోనో ఏదో ఒక ఎన్నిక నడుస్తూనే ఉంటుంది. పెళ్లి కార్డు, బ్యాంకులో తీసిన రసీదు దగ్గర పెట్టుకోండి. ఒకే అమ్మకానికి 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టప్రకారం కుదరదు కూడా. యూపీఐ ప్రతి చోటా నడుస్తుంది, లాడ్ బజార్ తోపుడు బండి దగ్గర కూడా. కానీ రోజువారీ పరిమితి చూసుకోండి, సెట్టు బిల్లు దగ్గర ఆగిపోతే ఇబ్బంది. ఇంట్లో ఇద్దరి ఫోన్లలో డబ్బు ఉంచండి.

ప్రాణహిత_ఒడ్డు

బస్సులో పోయే ఆడవాళ్లకు ఒక మాట. తెలంగాణ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం అనగానే మనవాళ్లు ఎక్కేస్తున్నారు. అది తెలంగాణ నివాసులకే, ఆధార్ చూస్తారు. మన ఆధార్ మీద మహారాష్ట్ర చిరునామా ఉంటుంది, కాబట్టి టికెట్ కొనాల్సిందే. మన ఎస్టీ (మహారాష్ట్ర ఆర్టీసీ) బస్సుల్లో ఆడవాళ్లకు సగం టికెట్ ఉంది, అది మన రాష్ట్ర హద్దు దాకానే. మాటలు తెలుగే కదా అని కండక్టర్‌తో వాదించిన మా పిన్ని కథ ఇంకోసారి చెబుతా.

ఇత్తడి గురించి ఎవరూ రాయలేదు. బేగంబజార్. బిందెలు, గంగాళాలు, తాంబాళాలు, చెంబులు అన్నీ కిలో లెక్క. కాంటా సున్నా దగ్గర ఉందో లేదో చూసి తూకం వేయించండి. బిందె అంచును బొటనవేలితో నొక్కండి, పల్చనిది లోపలికి కదులుతుంది. పైకి మెరుపు ఒకటే, ఏడాదికే సొట్టలు. అడుగు అతుకు కూడా తిప్పి చూడండి. ఇంట్లో పాత ఇత్తడి ఉంటే తీసుకుపోవచ్చు, తూకం వేసి కొత్తదానిలో తగ్గిస్తారు.

డ్రై ఫ్రూట్స్, రిటర్న్ గిఫ్టులు, పెళ్లిలో పంచే చిన్న డబ్బాలు, పసుపు కుంకుమ పొట్లాలు, బాషింగాలు, అన్నీ ఆ పక్కనే. ఇక్కడ మాత్రం అమ్మగారిని తీసుకుపోవద్దు. గల్లీలు ఇరుకు, తలమీద మూటలతో హమాలీలు, వెనక నుంచి తోపుడు బండి. ఇద్దరు మగవాళ్లు పొద్దున్నే పోయి రండి.

ఆదివారం బేగంబజార్‌లో హోల్‌సేల్ దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. లాడ్ బజార్ రోజూ ఉంటుంది, శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ కొన్ని షాపులు కాసేపు మూస్తారు. పాతబస్తీలో పదకొండు దాటితే గానీ షాపులు సర్దుకోవు. పొద్దున తొమ్మిదికే చేరుకుంటే గుల్జార్ హౌజ్ పక్కన దోశ బండ్ల దగ్గర తినేసి నింపాదిగా మొదలుపెట్టండి. వెన్న ఎక్కువే వేస్తారు, నాన్నగారిని చూసుకోండి.

నాందేడ్_వదిన

అంత ఇత్తడి రైల్లో ఎవరు మోస్తారు? అది కూడా చెప్పాలి కదా.

ప్రాణహిత_ఒడ్డు

అఫ్జల్‌గంజ్, ఉస్మాన్‌గంజ్ చుట్టూ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులే వదినా. షాపువాడే గోనెలో కట్టించి పార్సిల్ వేస్తాడు, నాందేడ్‌కు బండ్లు ఉంటాయి. మాకైతే తెలంగాణ ఆర్టీసీ కార్గోలో కాళేశ్వరం దాకా తెప్పించుకుంటే గోదావరి వంతెన దాటి అరగంటలో ఇంటికి వస్తుంది. ముందు వంతెన లేనప్పుడు పడవలో బిందెలు పెట్టుకుని వచ్చేవాళ్లం. ఇప్పటి పెళ్లికూతుళ్లకు ఆ సరదా లేదు. బిల్లు కాపీ ఒకటి గోనెలో, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. చీరలు మాత్రం పార్సిల్ వేయొద్దు, చేతిలోనే తెచ్చుకోండి.

రాజురా_తమ్ముడు

ఒక్కటి మరిచిపోయాను. మీరు పోయేది జనవరి అయితే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో నుమాయిష్ ఉంటుంది, జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా. 1938లో మొదలైనది. కశ్మీర్ శాలువాలు, లక్నో చికన్ బట్ట, దుప్పట్లు, చెక్క సామాను, ఊరూరి స్టాళ్లు ఉంటాయి. మెట్రో దిగి నడిచేంత దూరం. సాయంత్రం తెరుస్తారు కాబట్టి పగటి షాపింగ్‌కు అడ్డం రాదు. కానీ పెళ్లి చిట్టా చేతిలో పెట్టుకుని పోతే చిట్టాలో లేనివే కొనుక్కొస్తారు. మా ఇంట్లో ఇప్పటికీ వాడని కార్పెట్ ఒకటి ఉంది.

కోఠి నుంచి వస్తూ మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగి పిల్లలకు ఐస్‌క్రీమ్ తినిపించండి. 1935 నాటి రాతి కట్టడం, ఈ మధ్య బాగుచేశారు, లోపల కూర్చోవడానికి చోటు కూడా ఉంది. అమ్మగారికి అక్కడ బ్రేక్ ఇవ్వొచ్చు.

దెగ్లూర్_దర్జీ

తమ్ముడు రిసెప్షన్ సూట్ అన్నాడు, శేర్వానీ సంగతి ఎవరూ ఎత్తలేదు. అబ్బాయి వాళ్లు శేర్వానీ అడిగారా?

ధర్మాబాద్_మిర్చి

అడిగారన్నా! నిన్ననే ఫోన్. అబ్బాయి ఆరడుగులు, బక్కపలచన. కొనాలా, అద్దెకా, కుట్టించాలా? వాళ్లు బిలోలి నుంచి మాతో పాటే వస్తామంటున్నారు, ఇప్పుడు మేము ఆరుగురం కాదు, పదకొండు మంది.

గోల్‌బజార్_చంద్రపూర్

పదకొండు మంది! లాడ్జి ఖర్చు చూశాక నా పోస్టు మళ్లీ ఒకసారి చదువుకోండి సార్.

నాందేడ్_వదిన

ఇద్దరు వియ్యపురాళ్లు ఒకే షాపులో ఒకే చీర దగ్గర కూర్చుంటే ఆ షాపు మూసేదాకా లేవరు. రెండు జట్లుగా విడిపోండి. మీ అమ్మగారు, వాళ్ల అమ్మగారు కలిసి పట్టుచీరల షాపుకు. దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో లిఫ్ట్ ఉన్న బట్టల మాల్ చూడండి. మిగతావాళ్లు బేగంబజార్‌కు. ఈ విషయంలో నా మాట వినండి.

దెగ్లూర్_దర్జీ

శేర్వానీకి మదీనా, పత్తర్‌గట్టి షాపులు. తయారుగా ఉన్నవి ఉంటాయి, కొలతకు కుట్టేవాళ్లూ ఉంటారు. అద్దెకు ఇచ్చేచోట్లు కూడా ఉన్నాయి, కానీ డిపాజిట్ కట్టి తిరిగి ఇవ్వడానికి మళ్లీ హైదరాబాద్ పోవాలి. మీకు కుదరదు.

ఆరడుగుల బక్క మనిషికి తయారు శేర్వానీ భుజాల దగ్గర సరిపోతే పొడవు చాలదు, పొడవు సరిపోతే నడుము దగ్గర గుడారంలా ఉంటుంది. భుజం, పొడవు సరిగ్గా ఉన్నది చూసి తీసుకోండి. నడుము, పక్కలు నేను లోపలికి పట్టేస్తాను, భుజం మాత్రం విప్పి సరిచేయడం నా వల్ల కాదు, ఎవరి వల్లా సరిగ్గా కాదు. కుట్లలో లోపల గుడ్డ మిగిలి ఉందో లేదో తిప్పి చూడండి. చేతుల పొడవు మణికట్టు ఎముక దాకా రావాలి. అబ్బాయిని తప్పకుండా రమ్మనండి, వాళ్ల అన్న కొలతతో కొనొద్దు. అక్కడి నుంచే ఫొటో ఒకటి వెనక వైపు నుంచి కూడా తీసి నాకు పంపండి, డబ్బు కట్టకముందే.

ధర్మాబాద్_మిర్చి

పంపుతానన్నా. బుధవారం తెల్లవారుజామున బండి, కాచిగూడ.